లెక్కకు మించిన టైర్లు

మా ఆయనకు "లేదు" అనే మాట నోరు తిరగదు. పెళ్ళయిన కొత్తలో అది మంచితనం అనుకున్నాను. తర్వాత్తర్వాత జబ్బు అనుకున్నాను. ఎవరేమడిగినా ఆయన నోట వచ్చేది "సరే" ఒక్కటే కాబట్టి వీధి వీధంతా ఆయన్ని "సరేగారు" అని పిలుస్తుంది. నన్ను మాత్రం "టైర్లమ్మ" అంటారు, అదీ నేను వినడం లేదనుకున్నప్పుడు.

మాది పాత టైర్ల యార్డు. అరిగిపోయి, చీలిపోయి, ఇక బండికి పనికిరావని షాపుల వాళ్ళు పక్కన పడేసిన టైర్లు మా దగ్గరికి వస్తాయి. స్కూటర్లవి గేటు పక్కన, కార్లవి నడుమ, లారీలవి వెనక గోడవైపు. కుప్ప మనిషి ఎత్తు దాటకూడదు. కుప్పకీ కుప్పకీ మధ్య ఫైరింజను పట్టేంత దారి ఉండాలి. టైర్లలో వాన నీళ్ళు నిలవకూడదు. ఇసుక బకెట్లు ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఇవన్నీ రూల్సు. వీటన్నిటికంటే పెద్ద రూలు లెక్క. మూడు నెలలకోసారి కాలుష్య నియంత్రణ ఆఫీసుకు నివేదిక పంపాలి. ఎన్ని వచ్చాయి, ముక్కలు చేసే ఫ్యాక్టరీకి ఎన్ని వెళ్ళాయి, యార్డులో ఎన్ని ఉన్నాయి. లెక్కలో ఉండి కంటికి కనపడని టైరంటే ఎక్కడో కాలిపోయిన టైరనే ఆఫీసు వాళ్ళ నమ్మకం. ఇటుక బట్టీల వాళ్ళు దొంగచాటుగా టైర్లు కొని తగలబెడుతున్నారని, ఆ నల్ల పొగకు పిల్లలు దగ్గుతున్నారని పెద్ద గొడవ జరిగింది. అప్పటినుంచి వాళ్ళు ఈ విషయంలో ఎవరినీ నమ్మడం లేదు.

టైర్ల పని ఆయనది, నివేదికల పని నాది. గేటు లోపలికి వచ్చినవి రాసుకునేదాన్ని, లారీ ఎక్కినవి రాసుకునేదాన్ని. రెండోది మొదటిదాంట్లోంచి తీసేసి, వచ్చిన అంకెను యార్డులో ఉన్నట్టు పంపేసేదాన్ని. కుప్పలన్నీ దించి లెక్కపెట్టే ఓపిక ఎవరికుంది? తీసివేతలో తప్పేం పోతుందని నా ధీమా.

ఆ ఓపిక ఆఫీసు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మకు ఉంది. మా కూతురి వయసుంటుంది. ఒక పొద్దున్నే జీపు దిగి, మడత స్టూలు ఒకటి, నీళ్ళ సీసా ఒకటి పట్టుకుని లోపలికి వచ్చింది. నేను కుర్చీ వేస్తే కూర్చోలేదు, తన స్టూలు వేసుకుంది. టీ ఇస్తే వద్దంది. పోనీ మంచినీళ్ళంటే తన సీసా చూపించింది. మా ఇంటి నీళ్ళలో ఏమైనా విషం కలుపుతామా అని నాకు ఒళ్ళు మండింది.

"ఏం మేడమ్, మా ఇంట్లో నీళ్ళు కూడా పనికిరావా?" అన్నాను.

"పనికిరాక కాదమ్మా. తనిఖీకి వచ్చినచోట ఏమీ పుచ్చుకోకూడదు. మా రూలు," అంది తుమ్ముతూ. రబ్బరు దుమ్ము ఆమెకు పడదు. తుమ్ముతూనే సుద్దముక్క తీసి, పనివాళ్ళ చేత ఒక్కో కుప్పా దింపించి, లెక్కపెట్టిన ప్రతి టైరు మీదా గీత పెట్టించింది. సాయంత్రానికి మా యార్డంతా తెల్లగీతలే. చివరికి లెక్క తేల్చింది. రెండొందలకు పైగా టైర్లు తక్కువ.

"ఇంకోసారి లెక్కపెట్టండి," అన్నాను.

"రెండుసార్లు పెట్టాను. ఇవి ఎవరికి అమ్మారు?"

నేను మా ఆయన మొహం చూశాను. ఆయన తల గోక్కుంటున్నాడు. ఆయన తల గోక్కున్నాడంటే ఇంట్లో ఏదో వస్తువు ఎవరికో వెళ్ళిపోయిందని అర్థం.

"అమ్మలేదండీ," అన్నాడు మెల్లగా. "ఇచ్చాను."

"ఎవరికి?"

"అడిగినవాళ్ళకి."

అడగనివాళ్ళెవరో చెప్పమంటే తేలిగ్గా ఉండేది. మా యార్డు వెనక మెట్ట మీద ఇళ్ళన్నీ రేకుల ఇళ్ళు. గాలికి రేకులు లేచిపోకుండా పైన పెట్టుకోవడానికి టైర్లు కావాలన్నారట, సరే అన్నాడు. జారుడు బాటలో మట్టి నింపి మెట్లు కట్టుకుంటామన్నారు, సరే. పిల్లలకు ఉయ్యాల, సరే. సందు మలుపులో బళ్ళు గోడకు గీసుకోకుండా అడ్డం, సరే. నా కళ్ళముందు ఇచ్చినప్పుడల్లా నేను తిట్టిపోసేదాన్ని. అలా నేను చూసినవి ఓ పదో పాతికో ఉంటే, మిగతావి నేను వంటింట్లో ఉండగా ఇచ్చాడన్నమాట.

ఇన్‌స్పెక్టరమ్మ సీసాలో నీళ్ళు తాగి మూత పెట్టింది. "ఇచ్చామని మీరంటే చాలదండీ. తీసుకున్నామని వాళ్ళు అనాలి. రేపు సాయంత్రం నేను నివేదిక పంపాలి. అప్పటికీ తేలకపోతే లెక్క చెప్పని టైర్లని రాస్తాను. అలా రాస్తే పర్మిట్ ఆపేస్తారు."

పర్మిట్ పోతే మాకు యార్డు లేదు. మేమిద్దరం, మా మరిది, తోడికోడలు, పనిచేసే నలుగురూ వీధిన పడతాం. ఈ వయసులో మా ఆయన ఇంకో పని నేర్చుకోలేడు, నేర్చుకున్నా దాన్ని కూడా ఊరికే చేసిపెడతాడు. అంతకంటే నన్ను కలచివేసింది ఇంకొకటి ఉంది. ఆయన పేరు పక్కన బట్టీలకు టైర్లు అమ్మాడని రాస్తారు. జీవితంలో ఎవరినీ నొప్పించడం చేతకాని మనిషి, పిల్లల ఊపిరితిత్తుల్లో పొగ పోశాడని చెప్పుకుంటారు.

"ఇప్పుడే వెళ్దాం పదండి మేడమ్," అన్నాను. "ఒక్కో ఇల్లూ చూపిస్తాను. వాళ్ళే చెప్తారు."

మెట్ట ఎక్కాం. మొదటి ఇల్లు బట్టలు కుట్టే ఆవిడది. రేకుల మీద వరసగా టైర్లు కూర్చుని ఉన్నాయి. వాటిని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ మిషను ఆపి గుమ్మంలోకి వచ్చింది. ఇన్‌స్పెక్టరమ్మ మెడలో వేలాడే కార్డు చూసింది, చేతిలో కాగితాలు చూసింది, వాడిపోయిన మా ఆయన మొహం చూసింది.

"ఈ టైర్లు ఎక్కడివమ్మా?" అని అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.

"మావేనండీ. కొనుక్కున్నాం."

"ఎవరి దగ్గర?"

"బజార్లో. ఎవరో అమ్ముతుంటేనూ."

మా ఆయన నోరు తెరిచాడు. "అదేంటమ్మా, నేనిచ్చినవే కదా ఇవి?"

"మీరెప్పుడిచ్చారు సరేగారూ? ఈయన మాకు గుండుసూది కూడా ఇవ్వలేదు మేడమ్. చాలా కచ్చితమైన మనిషి," అని, ఇన్‌స్పెక్టరమ్మ కాగితంలోకి తల వంచగానే నావైపు చూసి కన్నుగీటింది. ఆయన్ని కాపాడేశానన్న సంతోషం ఆ మొహంలో పట్టడం లేదు.

తర్వాతి ఇల్లు ఇస్త్రీ చేసే ఆయనది. గుమ్మం దాకా కట్టిన మెట్లన్నీ మా టైర్లే. అవి తన తాతగారి కాలం నుంచీ ఉన్నాయని చెప్పాడు. టైరు మీద కంపెనీ అచ్చు ఇంకా మెరుస్తోంది. "మీ తాతగారికి కారుండేదా?" అని అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ. ఉండేదన్నాడు. ఇస్త్రీ పెట్టె పట్టుకుని, కళ్ళార్పకుండా చెప్పాడు.

ఆ పై ఇంట్లో ఉయ్యాల ఊగుతున్న పాప "సరే తాతయ్య ఇచ్చాడు" అని చక్కగా చెప్పింది. వాళ్ళమ్మ పరుగున వచ్చి దాని నోరు మూసి, "చిన్నపిల్లండీ, దానికేం తెలుసు, కలలో చూసి ఉంటుంది" అంది. ఇంకో ఇంటి ముందు లారీ టైరులో కుక్క ముడుచుకుని పడుకుంది. ఆ టైరు ఎక్కడిదంటే, కుక్కే ఎక్కడినుంచో ఈడ్చుకొచ్చిందని చెప్పారు. కుక్క తల ఎత్తి మా అందరినీ చూసి మళ్ళీ పడుకుంది. ఇంకెప్పుడైనా అయితే నేను పడీపడీ నవ్వేదాన్ని.

మా ఆయన ఇంటింటికీ బతిమాలాడు. నిజం చెప్పండమ్మా, చెప్తేనే నాకు మంచిది అన్నాడు. ఆయన ఎంత బతిమాలితే వాళ్ళకంత అనుమానం. ఎవరో ఆయన చేత బలవంతంగా అనిపిస్తున్నారనుకున్నారు. మెట్ట పైకి వెళ్ళేసరికి మాకంటే ముందే కబురు వెళ్ళిపోయింది. మేం తలుపు తట్టకముందే, "సరేగారు మాకేమీ ఇవ్వలేదండీ" అని లోపలి నుంచి వినపడుతోంది.

దిగి వచ్చేసరికి చీకటి పడబోతోంది. ఇన్‌స్పెక్టరమ్మ మడత స్టూలు జీపులో పెట్టి నావైపు తిరిగింది.

"నాకు కళ్ళున్నాయమ్మా, తెలుస్తూనే ఉంది," అంది. "కానీ నాకు తెలిసింది రాయడానికి లేదు. వాళ్ళు చెప్పిందే రాయాలి. వాళ్ళందరూ లేదన్నారు. రేపు ఆఖరి గంట దాకా ఆగుతాను. అంతకంటే నా చేతిలో లేదు."

ఆగుతానన్న ఆ ఒక్క మాటకు ఆమె మీద నాకున్న కోపమంతా చల్లారింది. నిజానికి ఆగక్కర్లేదు. అప్పటికే ఆమె పని అయిపోయింది.

జీపు మలుపు తిరిగాక నేను మెట్ట మొదట్లో నిలబడి గొంతెత్తాను. నా గొంతు సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు, మైకు అక్కర్లేదు.

"అందరూ బయటికి రండి. మీరు చేసిన ఘనకార్యం వినండి. ఆయన మీకు టైర్లు ఇవ్వలేదా? ఇవ్వకపోతే అవి ఏమైపోయాయి? బట్టీలో కాల్పించాడని రాస్తారు. రేపటి నుంచి మా గేటుకు తాళం పడుతుంది. రెండొందల టైర్లు తక్కువొచ్చాయి మాకు. మీలో ఒక్కళ్ళు, ఒకే ఒక్కళ్ళు, అవునమ్మా ఈయనే ఇచ్చాడని చెప్పి ఉంటే సరిపోయేది. ఆయన్ని కాపాడాలని అందరూ కలిసి ముంచేశారు."

తలుపుల్లో, కిటికీల్లో మొహాలు కనపడ్డాయి. బట్టలు కుట్టే ఆవిడ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. మా ఆయన వచ్చి నా చెయ్యి పట్టుకుని, "పాపం వాళ్ళేం చేస్తారే, భయపడ్డారు," అన్నాడు. మునిగిపోతూ కూడా ఒడ్డున ఉన్నవాళ్ళ గురించి బాధపడే మనిషిని ఏం తిట్టను? ఇంటికొచ్చి ఇద్దరం అన్నం ముందు కూర్చున్నాం. తిన్నట్టు నాకు గుర్తు లేదు.

పొద్దున్న నేను గేటు ముందు ఊడుస్తుంటే మెట్ట మీదినుంచి ఏదో దబదబమని చప్పుడు వినిపించింది. తల ఎత్తి చూశాను. టైరొకటి మెట్ట దిగి వస్తోంది. దాని వెనక ఇస్త్రీ ఆయన పరిగెడుతున్నాడు. టైరు మా గేటుకు గుద్దుకుని పడింది. ఆయన ఆయాసపడుతూ వచ్చి, "మా తాతగారి కారు టైరక్కా," అన్నాడు తల దించుకుని. ఆ వెంటనే ఇంకొకటి. తర్వాత రెండేసి, మూడేసి. రేకుల మీంచి దించినవి, మెట్లలోంచి పెకిలించి మట్టి దులిపినవి, ఉయ్యాల తాడు ఇంకా వేలాడుతున్నవి. కుక్కగారి టైరు కూడా వచ్చింది, వెనకాలే కుక్క వచ్చింది. మధ్యాహ్నానికి మా గేటు ముందు సంతలా ఉంది. దొర్లించడం చేతకాని ముసలివాళ్ళు మనవల చేత తోయించుకుంటూ వచ్చారు.

నేనక్కడే గేటుకు ఆనుకుని నిలబడిపోయాను. గాలి వస్తే రేకులు ఎగిరిపోతాయని తెలిసీ దించుకొచ్చారు. నేను వంటింట్లో ఉండగా ఆయన ఏం పోగొట్టాడనుకున్నానో, అదంతా వరసకట్టి నా గేటు ముందు నిలబడింది. ఇన్నేళ్ళూ ఆ మనిషిని ఎన్ని మాటలన్నానో గుర్తుకొచ్చి, ఆయన ఎక్కడున్నాడా అని చూశాను. తెచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళు పోస్తున్నాడు.

సాయంత్రం ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. అందరూ తలా ఒక మాట మొదలుపెట్టారు. ఆమె స్టూలు వేసుకుని, ఒక్కొక్కరినీ పిలిచి, ఎవరికి ఎన్ని ఇచ్చాడో రాసుకుంది. ఈసారి అందరూ అవునన్నారు. కంఠస్థం చేసిన పాఠంలా అన్నారు. తర్వాత తెచ్చిన టైర్లు లెక్కపెట్టించింది. ఆమె కాగితం మీద ఏదో కొట్టేసి, మళ్ళీ రాసి, మళ్ళీ లెక్కపెట్టించింది.

"అమ్మా, లెక్క కుదరడం లేదు," అంది.

"ఇంకా తక్కువున్నాయా?"

"కాదు. ముప్ఫైకి పైగా ఎక్కువున్నాయి."

నాకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. తక్కువుంటే కాల్చారంటారు. ఎక్కువుంటే చెప్పకుండా తెచ్చి పెట్టుకున్నారంటారు. రెండూ తప్పే.

"సరేగారు ఇవ్వని టైరు ఎవరైనా తెచ్చారా?" అని గుంపునడిగింది ఆమె. అన్నీ ఆయనిచ్చినవే, అన్నీ ఆయనిచ్చినవే అంటున్నారు. వీళ్ళు మారరనుకుని నేను నుదురు కొట్టుకున్నాను. ఇన్‌స్పెక్టరమ్మ లేచి కుప్ప చుట్టూ నడిచింది. ఒకచోట ఆగి వంగి చూసింది. అది ఆటో చక్రం. టైరొక్కటే కాదు, ఇనప చక్రంతో సహా ఉంది. వేలితో నొక్కింది. నిండా గాలి ఉంది.

"ఇది కూడా పాత టైరేనా?" అంది. అనేసి నవ్వింది. మా యార్డుకు వచ్చాక మాటా తుమ్మూ కాకుండా ఆమె నోట వచ్చిన మొదటి చప్పుడు అదే. గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, అందరూ నవ్వేశారు. మా ఆయన కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే.

ఆమె నవ్వాపుకుని గొంతు సవరించుకుంది. "వినండి. సొంత టైరు తెచ్చినవాళ్ళకు ఏ శిక్షా ఉండదు. పాతవైతే జనం ఈ రోజు యార్డుకు తెచ్చి అప్పగించినవని రాస్తాను. ఆ రూలు ఉంది. కొత్తవైతే మీ టైరు మీరు తీసుకెళ్ళిపోండి. కానీ నిజం చెప్పాలి. చెయ్యెత్తండి."

ముందు బట్టలు కుట్టే ఆవిడ చెయ్యి లేచింది. స్కూటరు టైరు తెచ్చిందట, వాళ్ళాయన స్కూటరుదే. తర్వాత ఇంకొకరు. ఒక్కొక్కటే లేస్తూ, చివరికి చూస్తే చేతులు లేవనివాళ్ళే తక్కువ.

ఆమె నాకు నివేదికలో ఒక గడి చూపించింది. తిరిగి వాడుకోవడానికి ఇచ్చినవి, ఎవరికి, దేనికి అని ఉంది. నేనెప్పుడూ అక్కడ సున్నా పెట్టేదాన్ని. ఊరికే ఇచ్చినదాన్ని కూడా ప్రభుత్వానికి చెప్పాలని నాకెలా తెలుస్తుంది? "ఇవ్వడం తప్పు కాదమ్మా. చెప్పకపోవడం తప్పు. దానికి చిన్న జరిమానా పడుతుంది, కట్టేయండి. పర్మిట్‌కు ఏమీ కాదు," అంది. "రేకుల మీదవి వెళ్ళి పెట్టేసుకోమనండి, వర్షమొచ్చేలా ఉంది."

నాకు ఆమె కాళ్ళమీద పడాలనిపించింది. టీ ఇవ్వకూడదు, నీళ్ళివ్వకూడదు. "మేడమ్, మీరు పుచ్చుకునేది ఏదైనా ఉందా మా దగ్గర?" అని అడిగాను. "వచ్చే నివేదిక కుప్పలు లెక్కపెట్టి పంపండి," అంది. ఆ క్షణంలో ఆమె వెయ్యి కుప్పలు లెక్కపెట్టమన్నా పెట్టేదాన్ని.

జనం ఎవరి టైర్లు వాళ్ళు తీసుకుని మెట్ట ఎక్కుతున్నారు. దింపడం తేలికే కానీ ఎక్కించడం కష్టం, మా ఆయనా మరిదీ పనివాళ్ళూ వెనకనుంచి తోస్తున్నారు. ఆటో చక్రం మాత్రం అక్కడే మిగిలింది. కాసేపటికి గేటు ముందు ఒక ఆటో ఆగింది, సన్నగా పొడుగ్గా ఉన్న కుర్రాడు దిగాడు. అతన్ని నేను ఎప్పుడో ఒకటి రెండుసార్లు చూశాను. మెట్ట మీద అద్దెకు దిగి ఎక్కువ కాలం కాలేదు. పొద్దున్నుంచీ స్టెప్నీ లేకుండా బండి నడుపుతున్నాడట. దారిలో పంక్చరైతే రోజంతా పోయేది.

"నీకు మేమెప్పుడూ ఏమీ ఇవ్వలేదు కదా బాబూ. నువ్వెందుకు తెచ్చావు?" అని అడిగాను.

అతను నన్ను వింతగా చూశాడు, అది అడగాల్సిన విషయమే కాదన్నట్టు.

"తక్కువొచ్చాయన్నారు కదక్కా," అన్నాడు.

నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు కూడా. మా ఆయన వచ్చి ఆ చక్రం దొర్లించుకుంటూ ఆటో దాకా వెళ్ళాడు. ఇద్దరూ కలిసి దాన్ని బిగిస్తుంటే నేను దీపం పట్టుకుని పక్కన నిలబడ్డాను.